ఫ్యూజుకు వోల్టేజి కనపడదు

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ముంబై హైవేకి అటూ ఇటూ ఉన్న ఫ్యాక్టరీల్లో గేటు దగ్గర సెక్యూరిటీ గది ఉంటుంది. అందులో బల్ల మీద ఒక వైర్‌లెస్ సెట్టు, బల్ల కింద దుమ్ము పట్టిన పవర్ సప్లై. ఇక్కడి మెకానిక్కుల నోట అది ఎలిమినేటర్. సెట్టు మూగబోయిన రోజున ఎలక్ట్రీషియన్ వస్తాడు, ఫ్యూజు హోల్డరు విప్పుతాడు, గాజు గొట్టాన్ని వెలుతురులో పెట్టి చూసి తీర్పు చెప్పేస్తాడు: “ఫ్యూజు పోయింది సార్. రెండు ఆంపియర్లది చిన్నగైతుంది. అయిదుది ఏస్తే మళ్ల పోదు.” సూపర్‌వైజరు తలూపుతాడు. స్టోర్సులో అయిదుది దొరక్కపోతే రాగి తీగ పోగు ఉండనే ఉంది.

ఈ తీర్పు ఆ ఎలక్ట్రీషియన్ సొంతం కాదు. దాని వెనక అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం ఒకటి నడుస్తోంది. ఆ సిద్ధాంతానికి మూడు కాళ్లు. ఒకటి: ఫ్యూజు ఉంది కాబట్టి సెట్టు భద్రం. రెండు: ఫ్యూజు పదేపదే పోతోందంటే ఆ ఫ్యూజు చిన్నదై ఉండాలి, లేదా లోపలి ప్రొటెక్షన్ బోర్డు అతి చేస్తుండాలి, మొదటిదాన్ని పెంచాలి, రెండోదాన్ని పీకాలి. మూడు: అసలు తప్పు కరెంటోళ్లది, ఒక స్టెబిలైజరు పెట్టేస్తే మన బాధ్యత తీరిపోతుంది. మెకానిక్కులే కాదు, కొనుగోళ్లు చూసే ఆఫీసర్లు, మెయింటెనెన్స్ కాంట్రాక్టు తీసుకున్న ఏజెన్సీలు, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న హామ్ రేడియో ఔత్సాహికుల్లో కొందరు కూడా ఇదే పాట పాడతారు.

ఈ మూడు కాళ్లూ పుచ్చినవే. ఫ్యూజు రేడియోను కాపాడదు. దాన్ని కాపాడడానికి పుట్టనూ లేదు. ఓవర్‌వోల్టేజి నుంచి రేడియోను కాపాడేది వేరే సర్క్యూట్. ఆ సర్క్యూట్ తన పని చేసినప్పుడు పోయేదే ఫ్యూజు. పోయిన ఫ్యూజు ఒక సాక్ష్యం. దాన్ని పెద్దది చేయడమంటే సాక్షి నోరు మూయించడం.

ఫ్యూజుకు తెలిసినది ఒక్కటే

ఫ్యూజు లోపల ఉన్నది సన్నటి తీగ. దాని గుండా కరెంటు పారితే వేడెక్కుతుంది, వేడి హద్దు దాటితే కరుగుతుంది. ఆ కరెంటును తోసేది 13 వోల్టులా 24 వోల్టులా అన్నది తీగకు పట్టదు. ఎంసీబీ అంతే, కరెంటు మీరితేనే పడిపోతుంది. ఆర్‌సీసీబీ లీకేజిని మాత్రమే చూస్తుంది. బోర్డు నిండా ఇవన్నీ బిగించుకుని ఓవర్‌వోల్టేజి భయం లేదనుకునే యజమానికి ఈ మూడింట్లో ఒక్కటీ వోల్టేజిని కొలవదని ఎవరూ చెప్పరు.

పోనీ, కరెంటు విషయంలోనైనా ఫ్యూజు చురుకైనదా? ఐఈసీ 60127 ప్రమాణం ప్రకారం 5×20 మిల్లీమీటర్ల ఫాస్ట్ రకం గాజు ఫ్యూజు తన రేటింగుకు ఒకటిన్నర రెట్ల కరెంటును కనీసం గంటసేపు భరించాలి. 2.1 రెట్లు పారితే అరగంటలోగా తెగితే చాలు. పది రెట్లు పారితేనే 20 మిల్లీసెకన్ల లోపు తెగాలి. ఇవి లోపమున్న ఫ్యూజు లెక్కలు కావు, పరీక్షలో నెగ్గిన మంచి ఫ్యూజు లెక్కలు. రేడియోలోని ట్రాన్సిస్టర్లకూ ఐసీలకూ హద్దు మీరిన వోల్టేజి తగిలితే అవి మైక్రోసెకన్లలో పోతాయి. అంటే ఫ్యూజు ఎంత వేగంగా కదిలినా అది దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగిన చందమే.

అసలు ఫ్యూజు కదలనే కదలని సందర్భం ఇంకా ఘోరం. గేటు దగ్గర ఉండే 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ సెట్టును తీసుకోండి. మాట్లాడేటప్పుడు ఆరు ఆంపియర్ల దాకా లాగుతుంది, అందుకని దాని డీసీ వైరులో పది ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. ఊరికే వింటూ ఉన్నప్పుడు అర ఆంపియరు కూడా లాగదు. రోజులో ఎక్కువ సేపు అది వింటూనే ఉంటుంది. ఆ సమయంలో సప్లై చెడి 13.8 వోల్టులకు బదులు 24 వోల్టులు వచ్చాయనుకుందాం. లాగే కరెంటు రెట్టింపై ఒక ఆంపియరైంది. పది ఆంపియర్ల ఫ్యూజుకు ఒక ఆంపియరు ఏపాటి? అది నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. ఈలోగా 16 వోల్టుల కెపాసిటర్లు ఉబ్బుతాయి, ఆడియో ఐసీ కాలుతుంది, రెగ్యులేటర్లు మాడతాయి. ఫ్యూజు చెక్కుచెదరదు, సెట్టు చస్తుంది. “ఫ్యూజు మంచిగనే ఉంది సార్, సెట్టే పోయింది” అని ఆశ్చర్యపోయే మెకానిక్ చూస్తున్నది ఈ దృశ్యాన్నే.

24 వోల్టులు ఎక్కడివి?

ఆ 24 వోల్టులు ఆకాశం నుంచి ఊడిపడవు. ఆ డబ్బాలోనే ఉంటాయి, పొద్దస్తమానం. పాతకాలపు లీనియర్ సప్లైలో ట్రాన్స్‌ఫార్మరు 18 వోల్టుల ఏసీ ఇస్తే, బ్రిడ్జి దాటి ఫిల్టర్ కెపాసిటరు మీద చేరేది సుమారు 23, 24 వోల్టుల డీసీ. దాన్ని 13.8కి తగ్గించేది పాస్ ట్రాన్సిస్టరు; మన దగ్గర ఎక్కువగా 2ఎన్3055. మిగిలిన తొమ్మిది, పది వోల్టులను అది వేడిగా మారుస్తుంది. ఆరు ఆంపియర్ల దగ్గర ఆ వేడి 55 వాట్లకు తక్కువ కాదు. మే నెల ఎండలో, హీట్‌సింకు మీద వేలిమందం దుమ్ముతో, రేకుల గదిలో ఆ ట్రాన్సిస్టరు ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? ఓర్చుకోలేని రోజున కలెక్టరు, ఎమిటరు షార్టవుతాయి. పవర్ ట్రాన్సిస్టర్లు చచ్చే తీరు సాధారణంగా ఇదే. సమాంతరంగా నాలుగు ట్రాన్సిస్టర్లు పెట్టినా ఒక్కటి షార్టయితే చాలు. మిగతా మూడూ నిమిత్తమాత్రం. ఆ క్షణం నుంచి కెపాసిటరు మీది 24 వోల్టులు నేరుగా సెట్టులోకి పోతాయి.

ఇక్కడ కొందరు పెద్దమనుషులు “మా సప్లైలో 723 ఐసీ ఉంది, కరెంటు లిమిట్ ఉంది” అంటారు. 1960ల చివర్లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ తెచ్చిన ఆ ఐసీ ఇవాళ్టికీ గట్టిదే. కానీ వోల్టేజిని అదుపు చేసినా, కరెంటుకు హద్దు పెట్టినా 723 ఆజ్ఞలన్నీ అమలు కావాల్సింది ఆ పాస్ ట్రాన్సిస్టరు ద్వారానే. అదే షార్టయ్యాక ఆజ్ఞ ఎవరికి? రెగ్యులేషనూ కరెంటు లిమిటూ ఒక్క దెబ్బకు పోతాయి. అందుకే రెగ్యులేటరుతో సంబంధం లేకుండా, దాని చావుబతుకులతో నిమిత్తం లేకుండా నిలబడే వేరొక కాపలా కావాలి.

ఆ కాపలాయే క్రోబార్ సర్క్యూట్, అంటే మెకానిక్ పీకాలనుకునే ఆ ప్రొటెక్షన్ బోర్డే. జెనర్ డయోడు ఒకటి అవుట్‌పుట్‌ను కనిపెట్టుకుని ఉంటుంది. వోల్టేజి 15 దాటగానే అది ఎస్‌సీఆర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చు గేటుకు కరెంటు అందిస్తుంది. ఎస్‌సీఆర్ కొన్ని మైక్రోసెకన్లలో ఆన్ అయి, అవుట్‌పుట్ రెండు టెర్మినళ్లనూ కలిపేస్తుంది. వోల్టేజి ఒక వోల్టు దరిదాపుకు పడిపోతుంది. రేడియో బతికింది, ఇంకా ఫ్యూజు పోకముందే. ఆ తర్వాత కెపాసిటరులోని శక్తీ ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చే షార్ట్ కరెంటూ ఎస్‌సీఆర్ మీదుగా పారుతుంటే, కొన్ని మిల్లీసెకన్లకు ఫ్యూజు తెగుతుంది.

ఇక్కడ ఎవరు ఎవరిని కాపాడారో గమనించండి. రేడియోను కాపాడింది ఎస్‌సీఆర్. ఫ్యూజు కాపాడింది ఎస్‌సీఆర్‌నూ, వైర్లనూ, ఆ గదినీ. “ఫ్యూజు సెట్టును కాపాడుతుంది” అనేవాళ్లు ఒకరి ఘనతను ఇంకొకరి మెడలో వేస్తున్నారు. ఇది ఉత్త మర్యాద సమస్య కాదు. ఘనత ఎవరిదో తెలియకపోతే ఫ్యూజు పెంచడం వల్ల చచ్చేదెవరో కూడా తెలియదు.

ఫ్యూజు పెంచితే ఏమవుతుంది?

రెండు ఆంపియర్లకు బదులు అయిదు వేస్తే ఏం మునిగిపోతుందని అడుగుతారు. లెక్క వేద్దాం. 230 వోల్టులను 18కి దించే ట్రాన్స్‌ఫార్మరులో నిష్పత్తి పన్నెండు పైచిలుకు. ప్రైమరీలో అయిదు ఆంపియర్లంటే సెకండరీలో 64 ఆంపియర్లు. అంటే క్రోబార్ పనిచేసి, ఎస్‌సీఆర్ గుండా 64 ఆంపియర్లు అదేపనిగా పారుతున్నా ఆ అయిదు ఆంపియర్ల ఫ్యూజు కదలదు. మన దగ్గర సులువుగా దొరికే బీటీ151 ఎస్‌సీఆర్ సామర్థ్యం 12 ఆంపియర్లు. సరైన ఫ్యూజు ఉంటే దాని మీద పడే దెబ్బ క్షణకాలం. పెద్ద ఫ్యూజు ఉంటే ఎస్‌సీఆర్ సెట్టుకు అడ్డుపడి అక్కడే మాడిపోతుంది. షార్టుగా మాడితే ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. పగిలి తెగిపోతే దారి మళ్లీ తెరుచుకుని 24 వోల్టులు సెట్టులోకి పోతాయి. రెండింట్లో ఏది జరిగినా గెలిచింది మాత్రం ఫ్యూజే. అది పోలేదు కదా!

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఫ్యూజు కరిగేలోగా దాని వెనకనున్నవాళ్లు ఓర్చుకోవాల్సిన శక్తిని ఇంజనీర్లు ఐ స్క్వేర్ టీ అనే కొలతతో చెబుతారు: కరెంటు వర్గాన్ని కాలంతో గుణించడం. ఎస్‌సీఆర్ ఓర్పు ఫ్యూజు ఐ స్క్వేర్ టీ కన్నా ఎక్కువ ఉండాలి, అప్పుడే అది బతికి బయటపడుతుంది. ఒకే రకం ఫ్యూజుల్లో రేటింగు రెట్టింపైతే ఈ కొలత సుమారు నాలుగు రెట్లవుతుంది. అయిదు నుంచి పదికి పోయినవాడు రెట్టింపు చేశాననుకుంటాడు. నిజానికి నాలుగింతల దెబ్బ రాసిచ్చాడు.

రాగి తీగ సంగతి వేరే చెప్పాలా? తీగ ఎన్ని ఆంపియర్లకు కరుగుతుందో పందొమ్మిదో శతాబ్దంలోనే బ్రిటిష్ టెలిగ్రాఫ్ ఇంజనీరు విలియం ప్రీస్ సూత్రం కట్టాడు. తర్వాత మార్కోనీకి అండగా నిలిచింది ఆయనే. ఆ సూత్రం ప్రకారం 0.2 మిల్లీమీటర్ల రాగి పోగు సుమారు ఏడు ఆంపియర్లకు కరుగుతుంది. అరమిల్లీమీటరు తీగ 28 ఆంపియర్ల దాకా కరగదు. “సన్న తీగే కట్టిన సార్” అన్నవాడు రెండు ఆంపియర్ల చోట ఎన్ని కట్టాడో అతనికే తెలియదు. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టినవాడి సంగతి ప్రీస్‌కూ అంతుపట్టదు.

“ఊకె కొట్టేస్తది” అనే వాదన

ప్రత్యర్థి వాదనల్లో బలమైనది ఇదే, కాబట్టి దాన్ని న్యాయంగా వినాలి. “ఆ ప్రొటెక్షన్ బోర్డు ఏ కారణం లేకుండ కొట్టేస్తది. మైకు నొక్కితే చాలు, సప్లై బంద్. అందుకే దాన్ని తీసి డైరెక్టు చేసిన. అప్పటి సంది ఒక్కసారి కూడ బంద్ కాలే.” ఇది అబద్ధం కాదు. ట్రాన్స్‌మిటరు పక్కనే పవర్ సప్లై ఉంటే, పొడుగాటి డీసీ వైర్లు యాంటెన్నాలా పనిచేసి రేడియో తరంగాలను ఎస్‌సీఆర్ గేటు దాకా మోసుకొస్తాయి. గేటు వాటిని వోల్టేజి పెరగడంగా భ్రమించి కొట్టేస్తుంది. అమెరికాలో హామ్‌లు విరివిగా వాడే ఆస్ట్రాన్ లీనియర్ సప్లైల్లోనూ ఈ ఫిర్యాదు ఉన్నదే. అక్కడా కొందరు క్రోబార్‌ను పీకేసి చేతులు దులుపుకుంటారు.

కానీ ఈ వాదన రుజువు చేసేదేమిటి? గేటుకు రేడియో తరంగాలు చేరుతున్నాయని. కాపలా అక్కర్లేదని కాదు. రోగం గేటు దగ్గరుంటే మందు కూడా అక్కడే ఉంది: గేటుకూ కేథోడుకూ మధ్య చిన్న కెపాసిటరు, దాంతోపాటు తక్కువ విలువ రెసిస్టరు, డీసీ వైర్లకు ఫెరైట్, సెట్టుకూ సప్లైకీ సరైన ఎర్తింగ్. ఇంకా కావాలంటే మోటరోలా ఈ పని కోసమే తయారుచేసిన ఎంసీ3423 ఐసీలో, వోల్టేజి ఎంతసేపు ఎక్కువగా ఉంటే కొట్టాలో ఒక కెపాసిటరుతో నిర్ణయించుకోవచ్చు. క్షణికమైన చిటికెలకు అది ఉలిక్కిపడదు.

రెండో కారణం, క్రోబార్‌ను మరీ దగ్గరగా పెట్టడం. 13.8 వోల్టుల సప్లైకి 14.2 దగ్గర హద్దు పెడితే అది కొట్టేయక ఏం చేస్తుంది? ఈ తరగతి సెట్లలో ఎక్కువ భాగం 13.8కి అటూ ఇటూ 15 శాతం, అంటే 11.7 నుంచి 15.9 వోల్టుల దాకా తట్టుకునేలా తయారవుతాయి. కాబట్టి హద్దు 15, 15.5 దగ్గర ఉండాలి. ఇది చేయకుండా బోర్డును నిందించడం, ఆ తర్వాత దాన్ని పీకేయడం రిపేరు కిందికి రాదు. ఇక “అప్పటి సంది ఒక్కసారి కూడ బంద్ కాలే” అన్న గొప్ప ఉంది చూశారూ, అందులోనే ప్రమాదం ఉంది. పాస్ ట్రాన్సిస్టరు షార్టయ్యేదాకా ఎవరి సప్లై కూడా బంద్ కాదు.

“ఇప్పుడన్నీ ఎస్ఎంపీఎస్‌లే కదా”

కొత్త తరం వాదన ఇది. ఎస్ఎంపీఎస్‌లో, అంటే స్విచింగ్ పవర్ సప్లైలో, పాస్ ట్రాన్సిస్టరు ఉండదు, కాబట్టి అవుట్‌పుట్ పెరిగే సమస్యే లేదంటారు. ఇందులో సగం నిజం ఉంది. స్విచింగ్ ట్రాన్సిస్టరు షార్టయితే ట్రాన్స్‌ఫార్మరు డీసీని అవతలికి పంపదు. అవుట్‌పుట్ సున్నా అవుతుంది, ప్రైమరీ ఫ్యూజు పోతుంది, సెట్టు క్షేమం. ఈ విషయంలో లీనియర్ కన్నా ఎస్ఎంపీఎస్ నయం.

మిగతా సగం వాళ్లు చెప్పరు. ఎస్ఎంపీఎస్ తన అవుట్‌పుట్ ఎంతుందో తెలుసుకునేది ఒక ఫీడ్‌బ్యాక్ దారి నుంచి: రెండు రెసిస్టర్లు, వోల్టేజి సవరించే చిన్న ప్రీసెట్, టీఎల్431, పీసీ817 లాంటి ఆప్టోకప్లరు. ఈ దారి తెగితే చాలా సందర్భాల్లో కంట్రోలరుకు అవుట్‌పుట్ తక్కువగా ఉందనే భ్రమ కలిగి, శక్తికొద్దీ తోస్తుంది. దారి తెగడానికి ఒక పగిలిన సోల్డరు చుక్క చాలు, ప్రీసెట్‌లో పట్టు వదిలిన పుల్ల చాలు. బొల్లారం, గడ్డపోతారం, పాశమైలారం వైపు గాలిలో ఆమ్లపు ఆవిర్లూ సన్నటి పొడులూ తగిలే షెడ్లలో చవక ప్రీసెట్ ఎన్నాళ్లు పట్టు నిలుపుకుంటుంది? చిల్లుల రేకు డబ్బా ఎస్ఎంపీఎస్ కొనేటప్పుడు దానిలో ఫీడ్‌బ్యాక్‌తో సంబంధం లేని ఓవర్‌వోల్టేజి కటాఫ్ ఉందా అని అడిగేవాళ్లు అరుదు. ఎన్ని ఆంపియర్లు, ఎంత రేటు, ఇవే ప్రశ్నలు.

హామ్ మిత్రుల విద్య మరొకటి ఉంది. పాత కంప్యూటరు ఏటీఎక్స్ సప్లై తెచ్చి, 12 వోల్టులను 13.8కి పెంచి రేడియోకు కలుపుతారు. ఏటీఎక్స్ డిజైన్ మార్గదర్శకాలు 12 వోల్టుల లైన్ 13.4 నుంచి 15.6 వోల్టుల మధ్య ఎక్కడో ఒకచోట కటాఫ్ కావాలంటాయి. కొన్ని సప్లైలు 13.8 చేరకముందే ఆగిపోతాయి. అప్పుడు సలహా సిద్ధం: ఓవర్‌వోల్టేజి పిన్ను కట్ చెయ్. చాలా ఖరీదైన సెట్టును కాపలా పీకేసిన పాత డబ్బాకు తగిలించడాన్ని పొదుపు అనలేం. కటాఫ్ హద్దును పైకి జరపడం వేరు, కటాఫ్‌నే చంపడం వేరు.

కరెంటోళ్ల తప్పెంత?

“నాణ్యమైన కరెంటు రాదు, మేమేం చేస్తాం” అనే నింద సగం న్యాయమైనదే. డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మరు సెకండరీ లోడు లేనప్పుడు 433 వోల్టులు. ఒక ఫేజుకు 250. పగటి లోడులో వోల్టేజి పడిపోతోందని ట్యాపు పెంచితే, రాత్రి షిఫ్టు లేని ఆదివారం అది ఇంకా పైకి పోతుంది. దానికి తోడు పవర్ ఫ్యాక్టర్ పెనాల్టీ తప్పించుకోవడానికి పెట్టిన కెపాసిటర్ బ్యాంకును మిషన్లు ఆపాక కూడా ఆన్‌లోనే వదిలేస్తే వోల్టేజి మరికాస్త పెరుగుతుంది. ఆ బ్యాంకు ఫ్యాక్టరీదే, కరెంటోళ్లది కాదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది న్యూట్రల్ తెగడం. ఒక ఫేజు మీద మూడు కిలోవాట్లు, ఇంకో ఫేజు మీద ఒక కిలోవాటు లోడుంటే, న్యూట్రల్ పోయిన క్షణాన ఆ రెండూ వరుసలో పడి 415 వోల్టులను పంచుకుంటాయి. తక్కువ లోడున్న ఫేజుకు 311 వోల్టులు. సెక్యూరిటీ గది సాధారణంగా తక్కువ లోడున్న ఫేజు మీదే ఉంటుంది. ఆ న్యూట్రల్ వదులైంది ఎక్కడో వెతకండి. చాలాసార్లు అది స్తంభం మీద కాదు, మన ప్యానెల్ బోర్డులోని బస్‌బార్ దగ్గరే దొరుకుతుంది.

స్టెబిలైజరు ఏం చేస్తుంది? నెమ్మదిగా ఎక్కిదిగే వోల్టేజిని సరిచేస్తుంది, అంతే. రిలే రకానిదైనా సర్వో రకానిదైనా పిడుగుపాటు చిటికెను అందుకునేంత వేగం దానికి లేదు. దాని రిలే అతుక్కుపోతే అదే వోల్టేజిని పెంచి పంపుతుంది. అన్నిటికీ మించి, అది ఉన్నది ఏసీ వైపు. పాస్ ట్రాన్సిస్టరు షార్టయ్యేది డబ్బా లోపల. గోడ దగ్గర 230 అచ్చంగా ఉన్నా సెట్టుకు 24 పోతాయి. లారీల్లో అసలు కరెంటోళ్ల ప్రస్తావనే లేదు. ఇదే హైవే మీద నడిచే బరువు లారీలవి 24 వోల్టుల బ్యాటరీలు. 12 వోల్టుల సెట్టు కన్వర్టరు మీద నడుస్తుంది. కన్వర్టరులో ట్రాన్సిస్టరు షార్టయితే, ఇంజను నడుస్తుండగా సెట్టుకు తగిలేది 28 వోల్టులు. దీనికెవరిని తిడతారు?

ఏసీ వైపు కాపలా కాసే వేరిస్టరుకూ ఇదే అన్యాయం జరుగుతోంది. 275 వోల్టుల వేరిస్టరు న్యూట్రల్ తెగినప్పుడు వేడెక్కి, షార్టయి, ఫ్యూజును తెంచి తాను పగులుతుంది. మెకానిక్ డబ్బా విప్పి చూస్తే పగిలిన నీలం బిళ్ల కనబడుతుంది. దాన్ని కత్తిరించి పారేసి కొత్త ఫ్యూజు వేస్తాడు. సెట్టు పనిచేస్తుంది, అందరికీ సంతోషం. తర్వాతి దెబ్బకు అడ్డుపడేవాడు లేడన్న సంగతి ఎవరి రిజిస్టరులోనూ ఎక్కదు.

“ప్రొడక్షన్ ఆగొద్దు”

చివరి ఆయుధం ఇది. సెట్టు ఇప్పుడే నడవాలి, కారణాలు తర్వాత. ఆ “తర్వాత” ఎన్నడూ రాదు. మెకానిక్‌ను తిట్టి లాభం లేదు. అతని చేతికి సర్క్యూట్ డయాగ్రం ఇచ్చినవాళ్లు లేరు. సెట్టు మోగితే డబ్బులిస్తారు గానీ ఎందుకు మూగబోయిందో కనిపెట్టినందుకు ఎవరూ పైసా ఇవ్వరు. తప్పుడు పద్ధతికి జీతమిచ్చి సరైన పద్ధతి కావాలంటే ఎలా?

పోతే, ఈ సెట్టు దేనికోసం ఉన్నదో గుర్తుచేయాలి. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో పదుల మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయాక, గేటు దగ్గరి వైర్‌లెస్‌ను అలంకారంగా చూసే హక్కు ఈ ప్రాంతంలో ఎవరికీ లేదు. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లింది. 26న సునామీ వచ్చాక మిగతా దారులు మూసుకుపోతే పోర్ట్ బ్లెయిర్ నుంచి కబుర్లు మోసింది హామ్ రేడియోయే. అలాంటి రోజుల్లో సెట్లు నడవాల్సింది జనరేటర్ల మీద, దొరికిన బ్యాటరీల మీద. వోల్టేజి నిలకడగా ఉండనిది సరిగ్గా అప్పుడే. మామూలు రోజున అక్కర్లేదనిపించి పీకేసిన కాపలా అవసరమయ్యేది ఆ రోజునే. ఎస్‌సీఆర్, జెనర్, నాలుగు చిల్లర విడిభాగాలు కోఠి గుజరాతీ గల్లీలో వందా రెండొందల్లో దొరుకుతాయి. ప్రొడక్షన్ ఆగుతుందన్న వాదన ఈ మొత్తం దగ్గర నిలబడదు.

మరి ఏం చేయాలి?

ముందు, పోయిన ఫ్యూజును పారేయకుండా చదవాలి. గాజు తేటగా ఉండి తీగ నడుమ తెగి ఉంటే మెల్లగా పెరిగిన ఓవర్‌లోడు. గాజంతా నల్లబడి, వెండిపూత పూసినట్టుంటే గట్టి షార్టు: ఎస్‌సీఆర్ కొట్టి ఉండవచ్చు, వేరిస్టరు పగిలి ఉండవచ్చు, బ్రిడ్జి పోయి ఉండవచ్చు. కొత్త ఫ్యూజు వేసే ముందు సెట్టును సప్లై నుంచి విడదీయాలి. పాస్ ట్రాన్సిస్టర్ల కలెక్టరు, ఎమిటరు మధ్య మీటరు పెట్టాలి. సిరీస్ బల్బు మీద సప్లైని ఆన్ చేసి, అవుట్‌పుట్ 13.8 చూపిన తర్వాతే సెట్టు కలపాలి. ఇదంతా అరగంట పని.

రెండోది, ఫ్యూజు స్థానంలో అదే విలువ, అదే వేగం. మెయిన్స్ వైపు గాజు బదులు ఇసుక నింపిన సిరామిక్ ఫ్యూజు మేలు. చిన్న గాజు ఫ్యూజు భద్రంగా తెంచగలిగేది 35 ఆంపియర్లు లేదా తన రేటింగుకు పది రెట్లు, ఏది ఎక్కువైతే అంత. సిరామిక్ ఫ్యూజు 1500 ఆంపియర్ల షార్టును తెంచుతుంది. ఫ్యాక్టరీ ట్రాన్స్‌ఫార్మరుకు దగ్గర్లో ఉన్నవాళ్లకు ఈ తేడా పట్టాల్సిందే. లీనియర్ సప్లైలో కెపాసిటరుకూ పాస్ ట్రాన్సిస్టరుకూ మధ్య ఇంకో ఫ్యూజు ఉండాలి. క్రోబార్ కొట్టినప్పుడు ముందుగా తెగాల్సింది అదే.

మూడోది, కొనుగోలు ఆర్డరులో ఒక వాక్యం: రెగ్యులేషన్‌తో సంబంధం లేని ఓవర్‌వోల్టేజి కటాఫ్ 15.5 వోల్టుల లోపు పనిచేయాలి, దాన్ని డెలివరీ రోజున మా ముందు పరీక్షించి చూపాలి. ఏసీ వైపు ఓవర్‌వోల్టేజిని చూసి లైను తెంచే రిలే ఒకటి, పగిలినప్పుడల్లా మార్చే వేరిస్టరు ఒకటి. కందిలో ఐఐటీ, సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూ కాలేజీ ఉన్న జిల్లాలో ఈ పాటి పరీక్ష చేసి చూపగల కుర్రాళ్లు దొరకరంటే ఎవరూ నమ్మరు.

“ఫ్యూజు పోయింది” అన్నది రోగ నిర్ణయం కాదు, రోగి చెప్పిన మొదటి మాట. ఫ్యూజు పెంచినవాడూ బోర్డు పీకినవాడూ ఆ మాట మళ్లీ వినపడకుండా చేశారే తప్ప రోగం జోలికి పోలేదు. ఎందుకు పోయిందో రాయని రిజిస్టరులో “సెట్టు బాగైంది” అని రాస్తే ఆ సంతకం అబద్ధానికి పెట్టినదే, మెకానిక్‌దైనా, మేనేజరుదైనా.